నేతి బీరకాయల హాలండేజ్

వంట అద్భుతంగా వుందని చెప్పాలంటే మనవాళ్ళు ఏమంటారు? 'నలభీమపాకం' అంటారు. నలుడు మహారాజు. భీముడు గదాధారి. విరాటరాజు కొలువులో వలలుడనే పేరుతో భీమసేనుడు గరిటె పట్టింది ముచ్చటగా ఒక్క ఏడాది. ఆ ఏడాదికే ఆయన పేరు యుగాలు దాటి మన విస్తళ్ళదాకా వచ్చేసింది. కాపురానికి వచ్చిన మర్నాటి నుంచీ యాభై ఏళ్ళపాటు పొయ్యి ముందు నిలబడిన మా అత్తగారి పేరుమీద మాత్రం ఏ పాకమూ లేదు. మీ అత్తగారి పేరుమీద వుంటే చెప్పండి, సంతోషిస్తాను.

ఇది మన ఒక్కళ్ళ జబ్బే అయితే ఇంటిగుట్టు అనుకుని వూరుకునేదాన్ని. వంటలో ప్రపంచానికే గురువులుగా చలామణీ అయ్యే ఫ్రెంచివాళ్ళకూ వుంది. అందుకు సాక్షి ఒక సాసు. దాని పేరు హాలండేజ్. వాళ్ళు 'హ'కారాన్ని మింగేసి 'ఒలాందేజ్' అంటారు. హాలండువారిది అని అర్థం. పేరు హాలండుది, పెంపకం ఫ్రాన్సుది.

మా అమ్మాయి కాపురం జర్మనీలో. అక్కడ మూడు వసంతాలు గడిపి వచ్చాను కాబట్టి, ఈ సాసుతో నాకు మాటవరస పరిచయం కాదు, చేతి పరిచయమే వుంది. ఎరగనివాళ్ళ కోసం చెబుతాను. గుడ్డులోని పచ్చసొన, వెన్న, నిమ్మరసం, ఉప్పు. ఇంతే సరంజామా. ఈ నాలుగూ సన్నటి వేడి మీద కలిస్తే చామంతిపువ్వు రంగులో, గరిటెకు పట్టు పరికిణీలా అంటుకుని జారే గోరువెచ్చని సాసు తయారవుతుంది. ఉడికిన కూరముక్క మీద, చేపముక్క మీద, గుడ్డు మీద పోసుకుంటారు. అందులో వున్నవన్నీ ఇంట్లో దొరికేవే. మరి ఆ పేరు ఎత్తేసరికి ఇల్లాళ్ళు ఎందుకు బెదిరిపోతారు? 'అమ్మో, అది హోటలువాళ్ళు చేసేది' అని ఎందుకంటారు?

ఎందుకంటే, అలా అనమని వాళ్ళకు నేర్పారు కనుక. నేర్పినవాళ్ళు రెండు రకాలు. తెల్లటి పొడుగు టోపీ పెట్టుకున్న వంటమాస్టర్లు మొదటివాళ్ళు. పొట్లాలు కట్టి అమ్ముకునే వర్తకులు రెండోవాళ్ళు. నా పేచీ ఈ ఇద్దరితోనూ.

ముందు టోపీల సంగతి చూద్దాం. ఒక పెద్ద హోటలువారు ఆడవాళ్ళ కోసమని వంటల ప్రదర్శన పెడితే, మా అమ్మాయీ నేనూ వెళ్ళాం. అక్కడి మాస్టరుగారు హాలండేజ్ చేసి చూపించారు. చేస్తున్నంతసేపూ బాంబు విప్పుతున్నవాడిలా ముఖం పెట్టారు. చివర్న, "ఇది మీరు ఇంట్లో పెట్టుకోవద్దు, విరిగిపోతుంది, పొట్లం కొనుక్కోండి" అని సెలవిచ్చారు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు అందరూ బుద్ధిగా తలలూపారు. ఆ తలల్లో సగం నెరిసినవి. వాటి కింద వున్న చేతులు ఎన్ని వేలసార్లు పాలు పొంగకుండా దించాయో, ఎన్ని కేకులు పొంగించాయో ఆయనకేం తెలుసు?

సరే, ఇది ఇంట్లో చెయ్యరానిదా? పుస్తకాలనే అడుగుదాం. 1651లో లా వరెన్ అనే ఫ్రెంచి వంటవాడు అచ్చువేసిన పుస్తకంలో, ఆస్పరాగస్ కాడలకు మంచి వెన్న, కొంచెం వినిగరు, ఉప్పు, జాజికాయ వేసి, పచ్చసొనతో చిక్కబరచిన సాసు వుంది. విరగకుండా చూసుకొమ్మని హెచ్చరిక కూడా వుంది. ఆయన దొరగారి వంటశాలలో మనిషి. బాగుంది, ఆ గౌరవం ఆయనకే ఇద్దాం. ఆ తరవాత ఏమయింది? 1861లో లండనులో ఇసబెల్లా బీటన్ అనే ఇల్లాలు ఇంటి నిర్వహణ మీద పెద్ద పుస్తకం తెచ్చింది. అందులో చేపలకు 'డచ్చి సాసు' వుంది. పచ్చసొనలు, వెన్న, నిమ్మరసం అన్నీ వున్నాయి. 1896లో అమెరికాలో ఫానీ ఫార్మర్ అనే వంటల పంతులమ్మ బోస్టను వంటబడి పుస్తకం వేసింది. అందులో హాలండేజ్ పేరుతోనే వుంది. 1961లో జూలియా చైల్డ్, సిమోన్ బెక్, లూయిజెట్ బెర్తోల్ అనే ముగ్గురు ఆడవాళ్ళు కలిసి, పనిమనుషులు లేని అమెరికా ఇల్లాలి కోసమని చెప్పి మరీ ఫ్రెంచి వంటల పుస్తకం రాశారు. అందులో చేత్తో చేసే హాలండేజ్ వుంది, మిక్సీలో చేసేదీ వుంది.

చూశారా? నూరేళ్ళ వ్యవధిలో మూడు పుస్తకాలు. మూడూ ఇళ్ళ కోసం రాసినవి. మూడూ ఆడవాళ్ళు రాసినవి. ఇంగ్లండులో, అమెరికాలో ఇది ఇల్లాళ్ళు మామూలుగా చేసుకునే సాసని ఈ పుస్తకాలే చెబుతున్నాయి. హోటళ్ళు దాన్ని కొత్తగా కనిపెట్టలేదు. గొప్ప హోటళ్ళలో సాసులు చెయ్యడానికే ప్రత్యేకంగా ఒక ఉద్యోగిని పెట్టి, 'సోసియే' అని బిరుదిచ్చారు. ఇంట్లో ఇల్లాలు అదే చేస్తే ఏ బిరుదూ లేదు, పైగా 'ఉప్పు తగ్గింది' అని ఒక మాట.

ఇంకో విచిత్రం వినండి. ఫ్రాన్సులో ప్రసిద్ధికెక్కిన తెల్లసాసు బెషమెల్. దానికి పద్నాలుగో లూయీ కొలువులో పెత్తనం చేసిన ఒక పెద్దమనిషి పేరు పెట్టారు. ఆయన వంటవాడు కాడు. అయినా పేరు దక్కింది. హాలండేజ్‌కు చెల్లెలు వరస అయిన 'బ్యూర్ బ్లాంక్' అనే వెన్న సాసు వుంది. నాంట్ పట్నం దగ్గర, లువార్ నది ఒడ్డున, పందొమ్మిదో శతాబ్దం చివర క్లెమాన్స్ లెఫెవ్ర్ అనే వంటామె దాన్ని తయారుచేసిందంటారు. ఆవిడ గురించి చెప్పే కథ ఏమిటో తెలుసా? బెయార్నెజ్ అనే సాసు చేయబోయి పచ్చసొనలు వెయ్యడం మరిచిపోయిందట! అలా పుట్టిందట! అదే దేశంలో ఆపిల్ ముక్కల మీద పిండి కప్పి కాల్చి, బోర్లించి వడ్డించే తీపివంటకం ఒకటి టాటిన్ అక్కచెల్లెళ్ళ పేరున వుంది. దాని కథా అంతే. అక్కగారు కంగారులో తలకిందులుగా చేసేసిందట. మగవాడు కొత్త వంటకం చేస్తే ప్రతిభ. ఆడది చేస్తే మతిమరుపు. నాకైతే ఈ కథలమీద రవ్వంత నమ్మకం లేదు. నది ఒడ్డున కూర్చుని రోజూ చేపలు వండి పెట్టే మనిషికి వెన్నా వినిగరూ ఎలా కలిస్తే ఎలా వుంటాయో తెలియకనా? తెలిసే చేసి వుంటుంది.

లియాన్ నగరంలో యూజెనీ బ్రజియే అని ఒకామె వుండేది. 1895లో పుట్టింది. పొలాల్లో పెరిగి, ఇళ్ళల్లో పనిచేసి, వంట నేర్చి, సొంత భోజనశాల పెట్టింది. 1933లో ఆవిడ రెండు భోజనశాలలకూ మూడేసి చొప్పున ఆరు మిషెలిన్ నక్షత్రాలు వచ్చాయి. ఆ రోజుల్లో అంతటి మర్యాద ఇంకెవ్వరికీ లేదు. ఆవిడ దగ్గర పని నేర్చుకున్న పాల్ బొకూజ్ పేరు లోకమంతా తెలుసు. నేర్పినామె పేరు ఎందరికి తెలుసు? పెరటిచెట్టు మందుకు రాదన్నారు. మన పెరట్లోనే కాదు, లియానులోనూ అంతే.

ఇక అసలు భయం సంగతికి వద్దాం. హాలండేజ్ విరుగుతుంది. నిజమే. కాదనను. పాలు విరగవా? మజ్జిగపులుసు విరగదా? విరుగుతాయని మనం మజ్జిగపులుసు హోటలునుంచి తెప్పించుకుంటున్నామా? ఎందుకు విరుగుతుందో తెలిస్తే చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది. కిటుకంతా ఇది: వెన్న కరిగితే నూనెలాంటిది. నిమ్మరసం నీళ్ళలాంటిది. రెండూ కలవవు. పచ్చసొనలో లెసితిన్ అనే పదార్థం వుంది. ఆ పేరే గ్రీకు భాషలో పచ్చసొన అనే మాటనుంచి వచ్చింది. అది పెళ్ళిళ్ళ పేరయ్యలాగా ఒక చేత్తో నూనెబొట్టునూ, ఇంకో చేత్తో నీటిబొట్టునూ పట్టుకుని కలిపి వుంచుతుంది. నూనె ఒక్కసారిగా మీద పడితే పేరయ్యగారికి వూపిరాడదు, విడిపోతాయి. వేడి ఎక్కువైతే సొన గడ్డకట్టి గుడ్డు పొరటవుతుంది. ఈ రెండే శత్రువులు. తొందర ఒకటి, మంట ఒకటి.

ఇప్పుడు కొలతలు. ఆరుగురికి సరిపోయేట్టు చెబుతాను. పచ్చసొనలు మూడు, ఉప్పులేని వెన్న 200 గ్రాములు, నీళ్ళు ఒక పెద్ద చెంచా, నిమ్మరసం ఒక పెద్ద చెంచా, ఉప్పు, ఇష్టమైతే చిటికెడు మిరియాలపొడి. వెన్నను మాడకుండా కరగబెట్టి పక్కన పెట్టుకోండి. నెయ్యి అయ్యేదాకా కాచవద్దు. కాస్తే ఘుమఘుమలాడుతుంది గాని ఆ రుచి వేరు. ఒక గిన్నెలో నీళ్ళు సన్నగా మరగనిచ్చి, దానిమీద ఇంకో గిన్నె పెట్టండి. పై గిన్నె అడుగు నీళ్ళకు తగలకూడదు, ఆవిరి తగిలితే చాలు. అందులో సొనలూ నీళ్ళూ వేసి తీగల గరిటెతో గిలక్కొట్టండి. సుమారు 65 డిగ్రీల దగ్గర సొన చిక్కబడడం మొదలుపెడుతుంది. గరిటె గీసిన గీత అడుగున ఒక క్షణం నిలిచిందా, సిద్ధమన్నమాట. గిన్నె పక్కన చెయ్యి పెడితే చురుక్కుమంటూ వుంటే దించి, మళ్ళీ పెట్టండి. అప్పుడు వెన్న మొదట బొట్లుబొట్లుగా, తరవాత సన్నటి ధారగా పోస్తూ గిలక్కొట్టడమే. ఆఖర్న నిమ్మరసం, ఉప్పు. మొత్తం పది పన్నెండు నిమిషాల పని. ఇడ్లీలు ఉడికేలోగా అయిపోతుంది.

తీరిక లేదంటారా? సొనలూ నిమ్మరసమూ పొడుగాటి గిన్నెలో వేసి, కరెంటు బ్లెండరు తిప్పుతూ, వేడి వేడి వెన్న సన్నగా పోస్తే రెండు నిమిషాల్లో అవుతుంది. అది తక్కువ జాతిదేమీ కాదు. జూలియా చైల్డే ఒప్పుకున్న పద్ధతిని మనం తప్పుపట్టడమెందుకు?

విరిగితే? కొంపలేం మునిగిపోవు. మరీ బిగుసుకుని నూనె తేలుతున్నట్టు కనిపిస్తే ఒక చెంచా గోరువెచ్చని నీళ్ళు పోసి గట్టిగా గిలక్కొట్టండి, చాలాసార్లు దారికి వస్తుంది. పూర్తిగా విడిపోతే వేరే గిన్నెలో ఇంకో పచ్చసొన, చెంచాడు నీళ్ళు వేసి కాస్త వెచ్చబెట్టి కొట్టి, విరిగినదాన్ని అందులోకి కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి. మళ్ళీ కొత్త సాసు. ప్రదర్శనలో మాస్టరుగారు ఈ ఉపాయం చెప్పారా? లేదు. చెబితే పొట్లం ఎవరు కొంటారు?

పొట్లం దగ్గరికి వచ్చాం కదా, ఇక దాని సంగతే చెబుతాను. జర్మనీలో తెల్ల ఆస్పరాగస్‌కు ఒక ఋతువుంది. మన పిల్లితీగకు దాయాది అయిన మొక్క అది. మట్టిని కట్టలుగా ఎగదోసి, ఎండ తగలకుండా పెంచుతారు. అందుకే పాలలా తెల్లగా వుంటుంది. ఏప్రిల్ మధ్యలో మొదలై జూన్ 24న సెయింట్ జాన్ పండగతో కోత ఆపేస్తారు, మొక్క మళ్ళీ పుంజుకోవాలి కదా! మనకు మామిడిపళ్ళ రోజులెలాగో వాళ్ళకు ఆ రెండు నెలలూ అలాగ. ప్రతి ఇంట్లోనూ తొక్కతీసిన కాడలు, ఉడికించిన బంగాళాదుంపలు, పక్కన హామ్ ముక్క, పైన కరిగిన వెన్నో హాలండేజో.

మరి ఆ ఋతువులో దుకాణాల్లో ఆస్పరాగస్ గుట్టల పక్కనే ఏముంటాయి? హాలండేజ్ పొట్లాలు, అట్టడబ్బాలు. బారులు తీరి వుంటాయి. నేను కళ్ళజోడు పెట్టుకుని వాటి వెనక రాసినవి మా అమ్మాయిచేత చదివించాను. పిండిపదార్థం, మొక్కల నూనె, పాలపొడి, రుచికోసం ఏవేవో పొడులు. సొన పేరుకు వుంది. కొన్నిట్లో వెన్న జాడే లేదు. నేతి బీరకాయలో నెయ్యి వుంటుందా అని మన పెద్దవాళ్ళు అడిగారు చూడండి, ఆ ప్రశ్నకు ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు. ఇంకొన్ని పొట్లాల తెలివి మరీ ఎక్కువ. "125 గ్రాముల వెన్న మీరే వేసుకోండి" అని రాస్తాయి. వెన్న నాది, పొయ్యి నాది, తిప్పే చెయ్యి నాది. అయ్యా, మరి మీరేం అమ్మినట్టు? పిండి! పిండితోపాటు, 'నీవల్ల కాదులే' అనే ఒక మాట. ఆ మాటకే ఖరీదు.

మా అమ్మాయి పక్కింట్లో ఒక పెద్దావిడ వుండేది. వాళ్ళమ్మ ఆస్పరాగస్ రోజుల్లో ఆదివారం ఆదివారం హాలండేజ్ చేసేదట. ఆవిడ డబ్బా కొంటుంది. ఆవిడ కూతురికి డబ్బాలో వచ్చేదే అసలు రుచి. అమ్మమ్మ చేసినదాన్ని ఆ పిల్లకు పెడితే 'ఇదేం వింత' అంటుందేమో. రెండు తరాల్లో ఒక పని చేతిలోంచి జారి అల్మారాలో పడింది. దుకాణంవాడు అటక మీదనుంచి తీసి మనకే తిరిగి అమ్ముతున్నాడు. సాసు ఒకటి పోతే పోయిందిలే అనుకోవచ్చు. కాని పని చేతిలో లేనివాళ్ళకు ఆ పనిమీద తీర్పు చెప్పే అధికారం కూడా వుండదు. డబ్బాలో ఏది పోసినా అదే హాలండేజ్ అని నమ్మవలసిందే. నా కోపం అక్కడ. ఆవకాయ విషయంలో మనకు అదే ముంచుకొస్తోంది, గమనించారో లేదో.

పొట్లం కొనే ఆడవాళ్ళను నేను తప్పుపట్టడం లేదు. ఎనిమిది గంటలు ఉద్యోగం చేసి, రైల్లో నిలబడి ఇంటికొచ్చిన పిల్లను ఇంకో పదినిమిషాలు గరిటె తిప్పమనడానికి నాకు నోరు రాదు. అయితే ఇంట్లో ఇంకో రెండు చేతులు వున్నాయి కదా! తీగల గరిటె తిప్పడానికి మీసాలేమీ అడ్డం రావు. హోటల్లో మగవాడు చేస్తే కళ అయినది, ఇంట్లో మగవాడు చేస్తే నామోషీ ఎలా అయింది? మా అల్లుడు ఇప్పుడు మా అమ్మాయికంటే బాగా చేస్తాడు. పొడుగు టోపీ అడగలేదు, పాపం.

ఇంతకీ దేనికి వాడతాం? హోటళ్ళు దీన్ని ఎగ్స్ బెనెడిక్ట్ అనే ఒక్క ఫలహారానికి కట్టిపడేశాయి. న్యూయార్కులో పుట్టింది, ఎవరు పుట్టించారో రెండు మూడు కథలున్నాయి. రొట్టె, హామ్, నీళ్ళలో పగలగొట్టి ఉడికించిన గుడ్డు, పైన హాలండేజ్. బాగానే వుంటుంది. కాని గుడ్డుమీద గుడ్డుసాసు ఒక్కటే దాని బతుకంటే అన్యాయం. దాని అసలు చోటు సాదా కూరల పక్కన. ఉప్పునీళ్ళలో ఉడికించిన కాలీఫ్లవర్ పువ్వును తుంచకుండా పళ్ళెంలో పెట్టి రెండు గరిటెలు పోయండి. ఉడికిన బీన్స్, బ్రోకలీ, చిన్న బంగాళాదుంపలు, ఆర్టిచోక్ రేకులు, అన్నిటికీ నప్పుతుంది. నీళ్ళలో మెల్లగా ఉడికించిన చేపకు ఇంతకన్న తోడు లేదు. మిగిలిన చేపా, బంగాళాదుంపముక్కలూ పళ్ళెంలో పరిచి, హాలండేజ్‌లో గిలక్కొట్టిన మీగడ కొంచెం కలిపి పైన పోసి, పై సెగ తగిలేట్టు రెండు నిమిషాలు ఓవెనులో పెడితే బంగారు మచ్చలు తేలతాయి. నిన్నటి మిగులు అని ఎవరూ అనరు.

ఒక్కటి వస్తే పది వచ్చినట్టే. నిమ్మరసానికి బదులు ఎర్రగుజ్జు నారింజరసమూ తొక్కకోరూ వేస్తే మాల్టేజ్, ఆస్పరాగస్‌కు జోడి. మీగడ కలిపితే ముసెలీన్. చెంచాడు ఆవముద్ద కలిపితే చేపలకు ఇంకో రుచి. సాంబారు ఉల్లిపాయల తరుగు, టారగాన్ ఆకు వినిగరులో ఇగరబెట్టి ఆ రసంతో మొదలుపెడితే బెయార్నెజ్, వేయించిన మాంసానికి. పేర్లు చూసి జడుసుకోకండి. చెయ్యి ఒకటే.

వేళకు ముందే చేసి వుంచుకోవాలంటే, కాఫీ ఫ్లాస్కును వేణ్ణీళ్ళతో తొలిచి, ఆరబెట్టి అందులో పొయ్యండి. గంటసేపు వెచ్చగా, చెక్కుచెదరకుండా వుంటుంది. మిగిలినది ఫ్రిజ్జులో పెడితే వెన్నలా గడ్డకడుతుంది. మర్నాడు వేడి బంగాళాదుంప ముద్దలోనో, తెల్లసాసులోనో ఒక చెంచా కలిపేస్తే సరి. అంతకుమించి నిలవ పెట్టకండి.

ఇక అభ్యంతరాలు. 'అంత వెన్నా?' అంటారు. నిజమే. ఆరుగురికి పంచితే మనిషికి ముప్ఫై గ్రాముల పైచిలుకు వస్తుంది. రోజూ తినేది కాదు. బొబ్బట్ల మీద నెయ్యి ధారగా పోసిన రోజున ఎవరూ లెక్క అడగరు. ఇదీ అలాంటి రోజుకే. 'పచ్చిగుడ్డు కదా?' అంటారు. ఇది సబబైన భయమే. గర్భిణులకు, పసిపిల్లలకు, జబ్బుమనుషులకు పెట్టేటప్పుడు పాశ్చరైజు చేసిన గుడ్లు దొరికితే అవి వాడండి. లేదా చిన్న థర్మామీటరు పెట్టుకుని 71 డిగ్రీలదాకా తీసుకుపోండి. నీళ్ళు కలిసిన సొన ఒట్టి సొనకంటే కాస్త ఎక్కువ వేడినే తట్టుకుంటుంది. గుడ్డు ముట్టని ఇళ్ళవాళ్ళతో నాకు తగవు లేదు. వాళ్ళకు క్లెమాన్స్ వంటామె వుండనే వుంది. సాంబారు ఉల్లిపాయల తరుగును వినిగరులో ఇగరబెట్టి, చల్లటి వెన్నముక్కలు ఒక్కొక్కటే వేస్తూ కలిపితే ఆవిడ సాసు. ద్రాక్షసారాయి కూడా పోస్తారు. మీరు మానెయ్యండి, నడుస్తుంది.

'తెలుగు ఆడవాళ్ళకు ఈ ఫ్రెంచి గొడవ ఎందుకమ్మా?' అని చివరి ప్రశ్న. మన కూతుళ్ళూ కోడళ్ళూ ఫ్రాంక్‌ఫర్టులో, డల్లాసులో, న్యూజెర్సీలో కాపురాలు చేస్తున్నారు. ఆ దుకాణాల్లో ఆ డబ్బాల ముందు నిలబడేది వాళ్ళే. పప్పూ పులుసూ ఎలాగూ నేర్పి పంపుతున్నాం. ఏ దేశపు వంటనైనా ముట్టుకోవడానికి భయపడనక్కరలేదన్న ధైర్యం కూడా మూటకట్టి ఇద్దాం. మజ్జిగపులుసు విరగకుండా కాచగల పిల్లకు హాలండేజ్ ఒక లెక్క కాదు. రెండిటికీ మర్మం ఒకటే. మంట తగ్గించు, చెయ్యి ఆపకు, కళ్ళు దానిమీదే వుంచు.

కాబట్టి ఈసారి ఎవరైనా పొడుగు టోపీ పెట్టుకుని 'ఇది మీవల్ల కాదు' అంటే, టోపీ వంక చూడకండి. గిన్నె వంక చూడండి. అందులో వున్నది మూడు పచ్చసొనలు, కాస్త వెన్న, ఒక నిమ్మకాయ. మూడూ మీ ఇంట్లోనే వున్నాయి.